రెండు ముక్కల టికెట్, నాలుగు బ్యాగుల బిల్లు

సంపాదకుల వారికి,

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దవాళ్లకు టికెట్లు అమ్మే ఏజెంట్లు, వెబ్‌సైట్లు అసలు చెప్పాల్సిన సంగతి చెప్పకుండా దాటేస్తున్నాయి. అదేంటంటే, మీ చేతికిచ్చింది ఒక టికెట్టా, రెండు టికెట్లు కలిపి అతికించిందా అని.

మా అత్తగారు, మామగారికి కొన్ని వేలు తక్కువ పడుతుందని ఏజెంట్ రెండోదే అంటగట్టాడు. హైదరాబాద్ నుంచి అమెరికా దాకా ఒక విమాన సంస్థ, అక్కడి నుంచి కూతురు ఉండే ఊరికి ఇంకో సంస్థ. మొత్తం ఒకే పీఎన్ఆర్‌లో, అంటే ఒకే బుకింగ్ నంబరు కింద ఉంటే మామూలుగా ఇక్కడిచ్చిన బ్యాగేజీ లెక్కే చివరిదాకా నడుస్తుంది. విడి టికెట్ అయితే అక్కడి లోకల్ విమానం వాళ్లు మొదటి బ్యాగుకే డబ్బులంటారు, రెండోదానికి ఇంకా ఎక్కువ, ఇద్దరికీ కలిపి నాలుగు బ్యాగులు! పోనీ కడదామని మామగారు డాలర్ నోట్లు తీస్తే క్యాష్ తీసుకోం, కార్డే కావాలన్నారట. వెనక క్యూ, ముందు అర్థంకాని ఇంగ్లిష్, ఆ టెన్షన్‌లో అమ్మాయికి ఫోన్ చేసి, తను యాప్‌లో కట్టేసరికి ఇక్కడ మిగిలిందనుకున్నదంతా అక్కడే పోయింది. మొదటి విమానం లేటయి రెండోది తప్పిపోయుంటే ఆ టికెట్ డబ్బులూ గోవిందా, ఎందుకంటే విడి టికెట్‌కు ఎవరిదీ బాధ్యత కాదు. యూరప్ మీదుగా ఇలా వెళ్తే ఇంకో తలనొప్పి: మధ్యలో సామాను తీసుకుని మళ్లీ ఇవ్వాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, అందుకు ఆ దేశం వీసా అవసరమై, అది లేకపోతే శంషాబాద్‌లోనే ఆపేస్తారు.

ఇక చిన్నవి. మన దగ్గర ఊరికే దొరికే ట్రాలీకి అక్కడ చాలా ఎయిర్‌పోర్టుల్లో కార్డు గీకాలి. షాపులో కార్డు మెషిన్ రూపాయల్లోనా, డాలర్లలోనా అని అడిగితే మనవాళ్లు తెలిసిన రూపాయలే నొక్కుతారు, దాంతో వాళ్లు పెట్టిన రేటుకు కట్టాల్సి వస్తుంది. డాలర్లే నొక్కడం మేలు.

ప్రభుత్వం ఏం చేయగలదంటారా? 2022 జులైలో కౌంటర్ దగ్గర బోర్డింగ్ పాస్ ఇచ్చినందుకు విడిగా డబ్బులు తీసుకోకూడదని పౌర విమానయాన శాఖ మన విమాన సంస్థలకు చెప్పింది కదా. అలాగే ఇక్కడ టికెట్ అమ్మే ప్రతివాళ్లూ పీఎన్ఆర్‌లు ఎన్ని, ఏ విమానంలో ఎన్ని కిలోలు, ఎక్కడ సామాను మళ్లీ ఇవ్వాలి, దారిలో వీసా కావాలా అన్నవి తెలుగులో ఒక కాగితం మీద రాసివ్వాలని రూలు పెట్టొచ్చు. తెలుగు రాదని చెప్పడానికి లేదు, ప్రకటనలు తెలుగులోనే వేస్తున్నారు, ప్రాసలతో సహా. విదేశాల్లోని తెలుగువాళ్ల కోసం పనిచేసే ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీ లాంటి వాళ్లయినా అలాంటి కాగితం నమూనా ఒకటి తయారుచేసి పెడితే, ఏజెంట్ ముందు పెట్టి నింపమని అడగడానికి పెద్దవాళ్లకు వీలుంటుంది.

- ఒక పాఠకుడు, ఖమ్మం