నాన్నగారికి, స్టెంట్ గురించి

నాన్నగారికి,

గుండె నాళం మూసుకోకుండా లోపల పెట్టే ఆ చిన్న జాలీ గొట్టం, అదే స్టెంట్, దానికి తొందర లేదని నేనంటే మొన్న ఫోన్‌లో "అలాగేలేమ్మా" అని పెట్టేశారు. ఆ మాట మీరు ఎప్పుడంటారో నాకు తెలుసు. విన్నది నచ్చక, వాదించే ఓపికా లేనప్పుడు. అందుకే ఫోన్‌లో మళ్లీ ఎత్తకుండా రాస్తున్నాను. తీరిగ్గా చదవండి. అర్థం కాని చోట పెన్సిల్‌తో గీత పెట్టుకుని ఆదివారం అడగండి.

ఇక్కడ అందరం బాగున్నాం. ఆఫీసు మామూలే. బాబుకి జలుబు తగ్గింది.

అన్నయ్య పంపిన రిపోర్టులన్నీ చూశాను. యాంజియోలో, అంటే గుండె నాళాలకి తీసిన ఎక్స్‌రేలో, ఒక నాళంలో 80 శాతం బ్లాక్. లెఫ్ట్ మెయిన్‌లో, అంటే గుండె ఎడమవైపుకి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళంలో, ఏమీ లేదు. ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, గుండె పంపింగ్ బాగుంది. మెట్లెక్కినప్పుడు ఛాతీ పట్టేసినట్టు ఉండడం, ఆగితే రెండు మూడు నిమిషాల్లో సర్దుకోవడం, ఇన్ని నెలలుగా ఇదే తీరు. పెరగలేదు, కూర్చున్నప్పుడు రాలేదు. దీన్నే డాక్టర్లు స్టేబుల్ అంటారు. అంటే ఆలోచించుకోవడానికి టైమ్ ఉందని. 80 అనే అంకె చూసి ఈ వారమే స్టెంట్ వేయించెయ్యాలని అన్నయ్య పడుతున్న టెన్షన్ నాకు అర్థమవుతోంది, కానీ ఆ తొందర అక్కర్లేదు.

మామయ్య సంగతి వేరు, నాన్నా. ఆయనకు ఆ రాత్రి గుండెపోటు వచ్చింది. నాళం పూర్తిగా మూసుకుపోయింది. అలాంటప్పుడు స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది, అందులో రెండో మాట లేదు. మీకు అలా జరగలేదు. ఇంట్లో అందరూ ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతున్నారు. అమ్మకి నిద్ర పట్టకపోవడానికి కారణం అదే.

బ్లాక్ అనగానే గొట్టంలో మురికి అడ్డుపడింది, తీసేస్తే సరిపోతుంది అనుకుంటాం. గుండె నాళం అలా ఉండదు. కొవ్వు నాళాల గోడల్లో చాలా చోట్ల పేరుకుని ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఆ కొవ్వు పైపొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకడితే గుండెపోటు వస్తుంది. ఆ చిట్లేది 80 శాతం ఉన్నదే కానక్కర్లేదు, 30, 40 శాతం ఉన్న చోటు కూడా కావచ్చు. స్టెంట్ ఒక్క చోట వేస్తారు. కొలెస్ట్రాల్ మాత్ర అన్ని నాళాల్లోనూ పనిచేస్తుంది, ఆస్పిరిన్ ఎక్కడా గడ్డ కట్టకుండా చూస్తుంది.

ఇది నా సొంత పాండిత్యం కాదు. 2007లో కరేజ్ అనే పరిశోధన వచ్చింది. మీలాంటి స్టేబుల్ రోగులు 2,287 మంది. సగం మందికి మాత్రలతో పాటు స్టెంట్, మిగతా సగానికి మంచి మాత్రలు మాత్రమే. నాలుగైదేళ్లు చూస్తే చావులోగానీ గుండెపోటులోగానీ తేడా కనబడలేదు. అప్పటి స్టెంట్లు పాతవి కదా అని చాలామంది అన్నారు. 37 దేశాల్లో 5,179 మందితో ఇస్కీమియా అనే ఇంకా పెద్ద పరిశోధన చేశారు. 2020లో అచ్చయింది. అందులో స్టెంట్, బైపాస్ (ఆపరేషన్ చేసి బ్లాక్ పక్కనుంచి రక్తానికి కొత్త దారి వేయడం) రెండూ ఉన్నాయి. సగటున మూడేళ్లకు పైగా చూశారు. ప్రాణం విషయంలో మళ్లీ అదే మాట. లెఫ్ట్ మెయిన్ బ్లాక్ ఉన్నవాళ్లని, పంపింగ్ బాగా పడిపోయినవాళ్లని అందులో చేర్చుకోలేదు. మీ రిపోర్టులో నేను ముందు ఆ రెండూ వెతికింది అందుకే.

పక్కింటి బాబాయిగారికి బైపాస్ ఎందుకు చేశారని అడిగారు. ఆయనకు షుగర్, పైగా ఒకటికి మించి నాళాల్లో బ్లాక్‌లు. అలాంటివాళ్లకి స్టెంట్ కన్నా బైపాసే మేలని 2012లో ఫ్రీడమ్ పరిశోధనలో తేలింది. మీకు రెండూ లేవు.

అలాగని స్టెంట్ వద్దని నేను అనడం లేదు. దూరాన కూర్చుని అడ్డుపుల్ల వేస్తున్నానని వదిన అందట. నాకు బాధేసింది. నేను చెప్పేది ఒకటే. ప్రాణభయంతో వేయించుకోవద్దు. నొప్పి మీ బతుకుని అడ్డుకుంటుంటే వేయించుకోండి. నొప్పి తగ్గించడంలో స్టెంట్ నిజంగా పనిచేస్తుంది. ఇస్కీమియాలో రోజూ, వారం వారం నొప్పి వచ్చేవాళ్లని ఏడాది తర్వాత చూస్తే, స్టెంటో బైపాసో దారి పట్టినవాళ్లలో సగం మందికి నొప్పి పూర్తిగా పోయింది. మాత్రలతో ఉన్నవాళ్లలో ఐదో వంతు మందికే పోయింది. అది చిన్న తేడా కాదు.

ఇక్కడే మిమ్మల్ని ఒకటి అడగాలి. మీరు మేడ మీదికి వెళ్లడం మానేశారని అమ్మ చెప్పింది. పొద్దున నడక కూడా వీధి చివరిదాకానేనట. నొప్పి రాకపోవడం వేరు, నొప్పి వచ్చే పనులన్నీ మానేయడం వేరు. డాక్టరు అడిగితే "పెద్దగా రావట్లేదండీ" అని చెప్పి వచ్చేశారు. దయచేసి ఈసారి ఉన్నదున్నట్టు చెప్పండి. ఏమేం చేసేవారు, ఇప్పుడు ఏవి చేయలేకపోతున్నారు, అదంతా. ఆయన నిర్ణయం ఆ జవాబు మీదే ఆధారపడుతుంది. మీరు మొహమాటపడితే ఆయనకు రిపోర్టులో అంకె తప్ప ఇంకేమీ మిగలదు.

ముందు మాత్రల్లోనే చేయగలిగింది ఇంకా ఉంది. గుండె వేగం తగ్గించి నొప్పి రాకుండా చూసే మెటోప్రొలాల్ మీకు చిన్న డోసే ఇస్తున్నారు. అవసరమైతే పెంచుతారు, లేదా ఆమ్లోడిపిన్, ఐసోసార్బైడ్ లాంటివి కలుపుతారు. మీ నాడి, బీపీ చూసి ఆయనే చెప్తారు. కొన్నాళ్లు అలా చూసి, అప్పటికీ మేడ ఎక్కలేకపోతే స్టెంట్ వేయించుకుందాం. కరేజ్‌లో మాత్రలతో మొదలుపెట్టినవాళ్లలో కూడా దాదాపు మూడో వంతు మంది తర్వాత స్టెంటో బైపాసో చేయించుకున్నారు. ఆలస్యం చేసినందుకు వాళ్లకి ప్రాణం మీదికి రాలేదు. అలా అయితే నేను సెలవు పెట్టి వస్తాను, అన్నయ్య ఒక్కడి మీదే పడనివ్వను.

కొలెస్ట్రాల్ మాత్ర అటార్వాస్టాటిన్ రోజు విడిచి రోజు వేసుకుంటున్నారటగా? కాళ్లు లాగుతున్నాయని. నాన్నా, ఇది మాత్రం నేను ఊరుకోను. కాళ్లు లాగితే డాక్టరుకి చెప్పండి, డోసు మారుస్తారు, వేరే మాత్ర ఇస్తారు. మీ అంతట మీరు తగ్గించకండి. మాత్రలతోనే సరిపోతుందని నేను రాసిన ఆ లెక్కలన్నీ మాత్రలు గట్టిగా వాడినవాళ్లవి. చెడ్డ కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, 70 లోపు ఉండాలి, ఇంకా తగ్గితే ఇంకా మంచిది. మీది పోయినసారి 112. స్టెంట్ వేస్తే మాత్రల గొడవ ఉండదని ఎవరైనా అంటే నమ్మకండి. ఇవన్నీ ఉంటాయి, పైగా ఆస్పిరిన్‌తో పాటు, గడ్డ కట్టనివ్వని ఇంకో మాత్ర క్లోపిడోగ్రెల్ మామూలుగా ఆరు నెలలు మధ్యలో ఆపకుండా వేసుకోవాలి.

అమ్మా, ఇది నీకు. కూర్చుని ఉన్నా నొప్పి వచ్చినా, నాలుక కింద మాత్ర పెట్టుకున్న ఐదు నిమిషాలకి తగ్గకపోయినా, చెమటలు పట్టినా, రోజురోజుకీ తక్కువ పనికే నొప్పి వస్తున్నా, అది స్టేబుల్ కాదు. అప్పుడు నాకు ఫోన్ చేయడం, అన్నయ్య కోసం చూడడం ఏమీ వద్దు, వెంటనే అంబులెన్స్‌కి చెప్పు. అలాంటివి లేనప్పుడు రాత్రిళ్లు లేచి ఆయన ఊపిరి చూడడం మానెయ్. నువ్వూ పడుకోవాలి. నీ మోకాలు ఎలా ఉందో ఎవరూ చెప్పడం లేదు నాకు.

శుక్రవారం డాక్టరు దగ్గరికి అన్నయ్యని కూడా తీసుకెళ్లండి. ఈ ఉత్తరం చూపించినా పర్లేదు. నేను రాసినదానికి ఆయన వేరేగా చెప్తే ఎందుకో అడిగి రాసుకోండి, ఆయన మిమ్మల్ని చేత్తో పట్టుకు చూసిన మనిషి. కొత్త రక్తపరీక్ష రాగానే ఫోటో తీసి పంపమనండి.

మీ
చిన్నమ్మాయి