‘జానపదం’ అని రాసిన చోట ఆమె పేరు రాయండి

సంపాదకులకు నమస్కారం.

మన వరంగల్ కుర్రాడి మొదటి ర్యాప్ పాట మీద మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం, ఆ తర్వాత వారం రోజులుగా వస్తున్న ఉత్తరాలు అన్నీ చదివాను. పాట నాకు నచ్చింది. ఆ మాట ముందే చెప్తున్నాను, ఇకపై రాసేది చూసి నన్ను కూడా పాటను తిట్టేవాళ్లలో కలపొద్దని. కాజీపేట రైల్వే స్టేషన్, హనుమకొండ చౌరస్తా, డిగ్రీ అయిపోయి హైదరాబాద్ బస్సెక్కే పిల్లల టెన్షన్, అన్నీ మన మాటల్లోనే వినిపించాడు. ఆటోల్లో, పెళ్లి బరాత్‌లలో ఇప్పుడు అదే మోగుతోంది. మొదటి పాటకే ఇంత పేరు రావడం చిన్న సంగతి కాదు.

యాసలో పాడితే అది పాటేనా అన్న పాఠకుడికి ఎక్కువ జవాబు అక్కర్లేదు. కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9ని మనం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. బడి పలుకులు కాదు, జనం పలుకుబడుల భాష కావాలని ఆయన మన మధ్యే ఉండి చెప్పారు. ర్యాప్ మనది కాదన్నవాళ్లు ఒక్క రాత్రి ఒగ్గుకథ దగ్గర కూర్చుంటే చాలు. డోలు దెబ్బ తప్పకుండా, గుక్క తిప్పుకోకుండా మాటను ఉరికించడం మనకు కొత్తేమీ కాదు.

నా బాధ వేరే. ఆ పాటలో మళ్లీ మళ్లీ వచ్చే ఆడమనిషి గొంతు ఉంది కదా, అది మా తల్లిగారి ఊరు, పరకాల దగ్గరి పల్లెలో నేను పెద్దమ్మా అని పిలిచే మనిషిది. నాట్ల పాట అది. మడిలో వరుసగా వంగి నాటేస్తుంటే ఒకరు చెప్తారు, మిగతావాళ్లు అందుకుంటారు. నా చిన్నప్పటి నుంచి మా ఊళ్లో చెప్పే గొంతు ఆమెదే, నేను ఎట్లా గుర్తుపట్టను? ఎవరో ఫోన్‌లో రికార్డ్ చేసుకుపోయారు. అందులో ఒక ముక్క కత్తిరించి బీట్ మీద పెట్టారు. వీడియో కింద ర్యాపర్ పేరు, బీట్ చేసినవాళ్లు, కెమెరా, ఎడిటింగ్, డ్రోన్ తిప్పినవాళ్లు, బట్టలిచ్చిన షాపు, అందరి పేర్లూ ఉన్నాయి. ఆమె ఉండాల్సిన చోట ‘జానపదం’ అని ఉంది. మీ కథనం కూడా ‘జానపద బాణీ’ అని రాసి ముందుకు పోయింది.

పోయిన ఆదివారం పోయి ఆమెకు వినిపించాను. రెండుసార్లు పెట్టించుకుని విన్నది. “గొంతు నాదే బిడ్డా. గని సగమే వెట్టిండ్రు. అన్న వచ్చిండా రాలేదా తెల్వకుంటనే ఆపిండ్రు” అన్నది. తల్లిగారింటికి తోలుకపోను అన్న వస్తాడని ఎదురుచూసే చెల్లె పాట అది. అన్న వచ్చేది చివర్లో. ఇందులో మాత్రం ఆ ఎదురుచూపే గిర్రున తిరుగుతూ ఉంటుంది.

ఇట్లా జరగడం ర్యాప్‌లో మొదటిసారి కాదు. 1979లో అమెరికాలో షుగర్‌హిల్ గ్యాంగ్ అనే ముగ్గురి మొదటి పాట ‘ర్యాపర్స్ డిలైట్’ వచ్చింది. అక్కడ పాటలకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ పట్టికలో టాప్ 40లోకి ఎక్కిన మొదటి ర్యాప్ పాట అదే. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఏళ్లుగా ర్యాప్ చేస్తున్నవాళ్లు అది విని, ఎవరు వీళ్లు అని ఆశ్చర్యపోయారు. ఆ ముగ్గురిలో బిగ్ బ్యాంక్ హ్యాంక్ చెప్పిన చరణాలు బ్రాంక్స్‌కు చెందిన గ్రాండ్‌మాస్టర్ కాజ్ రాసుకున్నవి. కాజ్ పాత పేరు కాసనోవా ఫ్లై. ఆ పేరును అక్షరం అక్షరంగా చెప్పే చోటును కూడా హ్యాంక్ మార్చలేదు, అట్లాగే పాడేశాడు. పాటలోనే పేరు వినిపిస్తున్నా రికార్డు మీద కాజ్ పేరు లేదు. అదే పాటకు షిక్ బృందం సంగీతం వాడుకున్నారు. ఆ సంగీతం కట్టిన షిక్ బృందంలోని నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ కేసు దాకా పోతామంటే వాళ్ల పేర్లు ఎక్కాయి. కాజ్‌కు అడిగే బలం లేదు.

పరకాల దగ్గర కైకిలికి పోయే మనిషికి ఆ బలం ఎక్కడిది? చట్టం మాత్రం ఆమెను మరిచిపోలేదు. మన కాపీరైట్ చట్టం ప్రదర్శకుల లెక్కలో గాయకులతో పాటు గారడీవాళ్లను, పాములాడించేవాళ్లను కూడా రాసింది. పాడింది తామేనని చెప్పించుకునే హక్కును 2012 సవరణ ఇచ్చింది. ఈ పాట ఎవరు కట్టారో తెలియదు, నిజమే, తరాల నుంచి నోటి మీదుగా వచ్చింది. కానీ గొంతు ఎవరిదో తెలుసు కదా! 2023లో ఆస్కార్ వేదిక మీద చంద్రబోస్ పేరు పిలిచినప్పుడు ఆయన ఊరు చల్లగరిగె మురిసిపోయింది. రాసింది ఆయనని పాట మీద ఉంది కాబట్టే ఆ సంతోషం ఊరి దాకా వచ్చింది.

ఆ కుర్రాడు కావాలని చేశాడని నేను అనుకోవడం లేదు. ఎవరో పంపిన ఆడియో అయి ఉండొచ్చు. వీడియో కింద ఒక లైన్ మార్చడానికి ఐదు నిమిషాలు చాలు. డబ్బు సంగతి ఆమె ఇంటికి వచ్చి, ఆమెతోనే మాట్లాడాలి. ఎప్పుడైనా కాళోజీ కళాక్షేత్రంలో స్టేజీ ఎక్కితే ఆమెను పక్కన నిలబెట్టి, అన్న వచ్చే దాకా పాడించాలి.

మీరు కూడా మీ కథనానికి సవరణ వేయండి. పేరు పేపర్లో వేయాలా వద్దా అన్నది ఆమె చెప్పాలి కాబట్టి నేనిక్కడ రాయడం లేదు. మీ విలేకరి వస్తానంటే నేనే తీసుకుపోతాను. ఇప్పుడు నాట్లు నడుస్తున్నాయి, పొద్దున ఏడు దాటితే ఆమె మడిలో ఉంటుంది. సాయంత్రం పూట రమ్మనండి.

– ఒక రిటైర్డ్ తెలుగు టీచర్, హనుమకొండ