వృద్ధాశ్రమంలో ముగ్గు పళ్లెం

సంపాదకులకు నమస్కారం.

అక్టోబరు 1, అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం వచ్చిందంటే చాలా ఆశ్రమాల్లో బొమ్మల పోటీ పెడతారు. పిల్లల రంగుల పుస్తకంలోంచి జిరాక్సు తీసిన సీతాకోకచిలుక, నాలుగు క్రేయాన్లు, గెలిచినవాళ్లకు స్టీలు గిన్నె, ఆపైన గ్రూపు ఫొటో. దీన్నే ఆర్ట్ థెరపీ, అంటే కళా చికిత్స, అంటున్నారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఎనభై ఏళ్ల మనిషి చేతిలో ఎల్‌కేజీ కాగితం పెట్టడం ఆ మనిషిని చిన్నబుచ్చడమే. పోటీలో ఓడినవాళ్లను మళ్లీ బల్ల దగ్గరికి రప్పించడం చాలా కష్టం.

క్షయకు శానిటోరియంలో చికిత్స పొందుతూ బొమ్మలు వేసుకున్న ఆంగ్ల చిత్రకారుడు అడ్రియన్ హిల్ 1942లో ఆర్ట్ థెరపీకి ఆ పేరు పెట్టారు. నెలల తరబడి ఒకే గోడను చూస్తూ గడిపేవాళ్ల కోసం పుట్టిన పద్ధతి ఇది. గెలుపోటములకు ఇందులో చోటు లేదు.

మన ఆశ్రమాల్లో పెన్సిల్ ఎన్నడూ పట్టని ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. కాగితం ఇస్తే 'నాకు రాదమ్మా' అని చేతులు ఒళ్లో పెట్టుకుంటారు. కానీ అరవై ఏళ్లు వాకిట్లో ముగ్గేసిన చేతులవి. డిమెన్షియాలో, అంటే మతిమరుపు జబ్బులో, కొడుకు పేరు మరిచినా, ఏళ్ల తరబడి చేసి చేసి చేతికి అలవాటైన పని చాలాకాలం నిలుస్తుంది. అందుకే కాగితం కన్నా ముందు ముగ్గు పెట్టాలి. వాళ్లు వంగలేరు కాబట్టి ముగ్గే బల్ల మీదికి రావాలి. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ప్లైవుడ్ పలకకు నల్లరంగు వేసి, చుట్టూ అరంగుళం అంచు కొడితే పళ్లెం తయారవుతుంది. రాతిముగ్గు దుమ్ము ఊపిరికి మంచిది కాదు, బియ్యప్పిండే వాడాలి. ఫ్యాను కింద పిండి ఎగిరిపోతుంది. ఎండాకాలం ఫ్యాను ఆపలేం, అప్పుడూ, ఆయాసం ఉన్నవాళ్లకూ, దోసెల పిండికన్నా కాస్త పల్చగా కలిపిన తడిపిండి, గుడ్డపేలిక ఇవ్వాలి. నేలమీద రాలిన పిండిని వాళ్లు కుర్చీలోంచి లేవకముందే తుడవాలి, కాలు జారితే తుంటి విరుగుతుంది.

మొదట 5 చుక్కలు, సందు చుక్క 3 వరకు. మొత్తం 19 చుక్కలే. అక్కడ తడబడితే 3 చుక్కలు 2 వరకు, అంటే ఏడు. చుక్కలు తగ్గించవచ్చు కానీ గీత మాత్రం మనం గీయకూడదు. ఆయాలు ప్రేమకొద్దీ చేసే పొరపాటు ఇదే. వంకర తిరిగిన మెలికను సరిచేస్తే ఆ ముగ్గు ఇక వేసినావిడది కాదు.

భర్త పోయిన కొందరు పెద్దావిడలు ఎరుపు రంగు గిన్నె వైపు చెయ్యి చాపరు. 'నాకెందుకులే' అంటారు. బలవంతం చేయొద్దు, ఆ గిన్నె ఎత్తేయనూ వద్దు. ముట్టుకోవడం, మానడం ఆమె ఇష్టం. మగవాళ్లలో చాలామంది ముగ్గు ఆడవాళ్ల పని అంటారు. వాళ్లకు చార్టు మీద సొంత ఊరి పటం గీసే పని ఇస్తే చెరువు ఎటు, రచ్చబండ ఎటు, తమ పొలం గట్టు ఎక్కడ అని చెయ్యీ నోరూ రెండూ కదులుతాయి.

రంగుల దగ్గరికొస్తే, వయసుతో కంటి కటకం పచ్చబడుతుంది. నీలానికీ ఆకుపచ్చకూ తేడా సరిగా తెలియదు, లేతరంగులు సరిగా ఆనవు. ముదురు రంగులే ఇవ్వాలి, తెల్లకాగితం కింద నల్లగుడ్డ పరవాలి. డిమెన్షియా ఉన్నవాళ్ల ముందు పన్నెండు రంగులు పెడితే ఏదీ తీయరు, రెండు చాలు. బ్రష్ కడిగే నీళ్లు టీ గ్లాసులో పోస్తే తాగేస్తారు. అడుగుభాగం వెడల్పుగా ఉన్న మట్టి మూకుడు వాడండి, ఒలకదు కూడా. కీళ్లు వాచిన వేళ్లకు సన్నటి బ్రష్ పట్టుచిక్కదు. కాడకు అంగుళం లావు వచ్చేలా పాత నూలుగుడ్డ చుట్టి రబ్బరు బ్యాండ్లు వేయాలి.

పక్షవాతం వచ్చిన కొందరు కాగితంలో కుడి సగమే నింపి ఎడమ సగం ఖాళీగా వదిలేస్తారు. బద్ధకం కాదది. మెదడు కుడివైపు దెబ్బతింటే ఎడమ పక్క ఉందన్న ధ్యాసే ఉండకపోవచ్చు. కాగితం ఎడమ అంచున ఎర్రటి లావు గీత గీసి, మొదలుపెట్టేముందు వేలితో దాన్ని తాకించాలి. కాగితం జరగకుండా నాలుగు మూలలా టేపు వేయాలి.

ఆరుగురికి మించకుండా, ఉదయం టిఫిను, మందులు అయ్యాక ముప్పావు గంట చేయించాలి. డిమెన్షియాలో సాయంత్రం అలజడి పెరుగుతుంది, ఆ వేళ వద్దు. 'ఇదేంటి? గుర్తుందా?' అని అడిగితే పరీక్ష పెట్టినట్టే. 'దీని గురించి చెప్పండి' అనాలి. చెప్పకపోయినా పక్కన కూర్చుంటే చాలు. నల్లరంగు వాడారని దిగులు అంటగట్టకండి. కానీ చావాలనుందన్న మాట నోట వస్తే అదే రోజు డాక్టరుకు చేరాలి. వాళ్లు ఒప్పుకోకుండా బొమ్మను గోడకు అంటించకూడదు, వాట్సాప్‌లో పెట్టకూడదు.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండే ఆశ్రమాలను రాష్ట్రాలు ఏర్పాటు చేయవచ్చంటోంది. ఆశ్రమాల్లో వైద్యంతోపాటు వినోద సాధనాలకూ రాష్ట్రాలు ప్రమాణాలు పెట్టవచ్చని అదే సెక్షన్‌లో ఉంది. చాలాచోట్ల ఆ వినోదం హాల్లోని టీవీతో సరి. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ ప్రమాణాల్లో వారానికి రెండు పూటల కళా చికిత్సను చేర్చాలి. చక్రాల కుర్చీ కిందికి దూరే బల్ల ఒకటి, పదిహేను రోజులకోసారి వచ్చే శిక్షణ పొందిన చికిత్సకులు, మిగతా పూటలు నడిపే ఒక ఆయా కావాలి. ఆ ముప్పావు గంట ఆమెను స్నానాలకనో, వంటింట్లోకనో పిలవకూడదని నిబంధనలోనే రాయాలి. ఈ పని ఎక్కువగా ఆగిపోయేది అక్కడే.

ఇట్లు
వృద్ధుల సంరక్షణలో పనిచేస్తున్న కళా చికిత్సకులు, గుంటూరు