బర్మింగ్‌హామ్‌పై బాబీ విల్సన్ పరిశోధన

సభ్యులందరికీ నమస్కారం. నగరాల్లో జాతి విభజనపై మన చర్చకు నల్లజాతి భూగోళ శాస్త్రవేత్త బాబీ విల్సన్ 2000లో వెలువరించిన ‘అమెరికాస్ జోహన్నెస్‌బర్గ్’ పుస్తకాన్ని ప్రతిపాదిస్తున్నాను.

అమెరికాలోని అలబామా రాష్ట్రానికి చెందిన బర్మింగ్‌హామ్ 1871లో, అంటే బానిసత్వం రద్దయిన తరువాతే, ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి మూడూ చేరువలో దొరికే చోట వెలసిన పారిశ్రామిక నగరం. కాబట్టి అక్కడి వివక్షను పత్తి తోటల కాలం నాటి పాత అలవాటుగా సరిపెట్టుకోలేమని, చవక శ్రమను అదుపులో ఉంచుకోవాలన్న పరిశ్రమల అవసరమే దానికి కొత్త రూపు ఇచ్చిందని ఆయన వాదన. ఖైదీలను గనులకు అద్దెకిచ్చే పద్ధతి ఆ రాష్ట్రంలో 1928 దాకా సాగిందన్న ఒక్క సంగతి చాలు, ఈ వాదన బలం తెలియడానికి.

ఇళ్ల సంగతి మరీ దారుణం. జాతిని బట్టి నివాస ప్రాంతాలను విడగొట్టడం చెల్లదని 1917లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పినా, బర్మింగ్‌హామ్ 1926లో సరిగ్గా అదే పని చేసింది. తెల్లవారి, నల్లవారి నివాసాల మధ్య సెంటర్ స్ట్రీట్ ఒక హద్దుగా ఉండేది. దాన్ని దాటి ఇల్లు కొనుక్కున్న నల్లజాతి కుటుంబాలపై పడిన బాంబుల వల్ల ఆ ప్రాంతానికి ‘డైనమైట్ హిల్’ అన్న పేరే స్థిరపడింది. అయినా వారు వెనక్కి తగ్గలేదు. ఆ విభజనను సవాలు చేస్తూ నల్లజాతి మహిళ మేరీ మంక్ తదితరులు వేసిన దావాలో 1950లో అప్పీలు కోర్టు కూడా వారి పక్షానే నిలిచింది.

పౌరహక్కుల ఉద్యమాన్నీ, ఆ తరువాతి బస్తీ సంఘాల ఉద్యమాన్నీ విల్సన్ 2000లోనే వచ్చిన మరో పుస్తకంలో పరిశీలించారు. మొదటి పుస్తకంలోని సిద్ధాంత చర్చ కాస్త బరువుగానే ఉంటుంది. కష్టమనిపించినవారు నేరుగా నగర చరిత్రతో మొదలుపెట్టవచ్చు.