షూరిటీ సంతకం మాట సాయం కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలో ‘బాధ్యత’ అనే మాట లేని పేజీ ఉండదేమో. మంత్రి నైతిక బాధ్యత వహించాలి అని రాస్తారు, ప్రమాదానికి డ్రైవరే బాధ్యుడు అని రాస్తారు, అప్పు చెల్లించే బాధ్యత హామీదారుడిదే అని కూడా రాస్తారు. మాట ఒకటే, కానీ దాని వెనకున్న చట్టం ప్రతిచోటా ఒకటి కాదు. మొదటిదానికి రాజీనామా ఇస్తే సరిపోవచ్చు. చివరిదానికి నెలనెలా జీతం కోస్తారు. అది నేను అనుభవించాను కాబట్టే ఇంత దూరం రాస్తున్నాను.

నేను ప్రభుత్వ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. 2014లో మా స్కూల్లోనే పనిచేసే ఒక మాస్టారు ఐదు లక్షల చీటీ పాడుకున్నారు. పాట డబ్బు చేతికి రావాలంటే ముగ్గురు గవర్నమెంటు ఉద్యోగుల షూరిటీ కావాలన్నారట కంపెనీ వాళ్లు. ఇంటర్వెల్లో స్టాఫ్ రూముకు వచ్చి “మేడమ్, ఊరికే ఫార్మాలిటీ, ఒక్క సంతకం” అన్నారు. కాగితాలన్నీ ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉన్నాయి. పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేసి జీతం సర్టిఫికెట్ కూడా ఇచ్చేశాను, పైన ఏం రాసుందో చదవలేదు. ఏడాది తిరిగేసరికి ఆయన వాయిదాలు ఆపేశారు. చిట్స్ డిప్యూటీ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి నోటీసు వస్తే దాన్ని తీసుకెళ్లి ఆయనకే చూపించాను, “నేను చూసుకుంటాను మేడమ్” అంటే నమ్మి హాజరు కాలేదు. ఆ తర్వాత జీతం అటాచ్‌మెంట్, అంటే అప్పు కింద జీతంలోంచి కోత పెట్టమనే, కాగితం నేరుగా మా హెడ్మాస్టరు గారి టేబుల్ మీదకే వచ్చింది. నెలకు పదకొండు వేల చిల్లర. ఇంట్లో ఆ మాట చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

లాయరు గారిని మొదట అడిగింది ఒకటే, డబ్బు తీసుకున్నది ఆయన కదా, ముందు ఆయన్ని అడగాలి కదా అని. అలాంటి రూలేమీ లేదమ్మా అన్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 128వ సెక్షన్ ఉంది. అసలు అప్పుదారు బాధ్యత ఎంతో, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యతా అంతే అని చెబుతుంది. అప్పిచ్చినవాళ్లు ముందు అప్పుదారు వెంట పడి, అక్కడ రాకపోతేనే హామీదారు దగ్గరికి రావాలన్న నియమం లేదు. బ్యాంక్ ఆఫ్ బిహార్, దామోదర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు యాభై ఏళ్ల కిందటే ఈ సంగతి తేల్చేసింది, ముందు అతని దగ్గర వసూలు చేసుకొని రండి అంటే ఇక హామీ దేనికి అని. ముగ్గురం సంతకాలు పెట్టాం కాబట్టి మూడో వంతే కట్టాలి అనుకున్నాను, అదీ కాదు, మొత్తం ఎవరి దగ్గరైనా రాబట్టుకోవచ్చు, తర్వాత మేం ముగ్గురం మాలో మేము పంచుకోవాలి.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కొంత కాపాడుతుంది. జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు, ఒక డిక్రీ, అంటే వసూలుకు ఇచ్చిన తీర్పు, కింద ఇరవై నాలుగు నెలలకు మించి కోయకూడదు. నాకు ఇరవై రెండు నెలలు కోశారు. అలా పోయిన డబ్బును అసలు అప్పుదారు మీద దావా వేసి రాబట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టంలోని 145వ సెక్షన్ హామీదారుకు ఇచ్చింది, కాకపోతే కట్టిన తేదీ నుంచి మూడేళ్లలోపు వేయాలి. ఈ ముక్క నాకు తెలిసేసరికి గడువు దాటిపోయింది. అంతకంటే ముందు తెలియాల్సింది ఇంకొకటి, ‘నా హామీ లక్ష వరకే’ అని ఒప్పందంలోనే రాయించుకోవచ్చట. స్టాఫ్ రూములో ఆ రోజు ఈ ఒక్క మాట ఎవరైనా చెప్పి ఉంటే!

పెద్దవాళ్లు పెట్టుకునే సంతకాలూ ఇలాంటివే. మా వీధిలో ఒకాయన రైస్ మిల్లు పెట్టి ప్రైవేట్ లిమిటెడ్ అని రిజిస్టరు చేయించారు, కంపెనీ అప్పు కంపెనీదే, ఇంటి జోలికి ఎవరూ రారు అని ధైర్యంగా ఉండేవారు. లిమిటెడ్ అంటే నిజంగా అర్థం అదే, వాటాకు పెట్టిన డబ్బు వరకే నష్టం. కానీ బ్యాంకు లోనిచ్చేటప్పుడు డైరెక్టర్ల చేత వ్యక్తిగత హామీ కూడా రాయించుకుంది. ఆ సంతకంతో లిమిటెడ్ అన్న రక్షణ ఆయన వరకు లేకుండా పోయింది. ఇంటి మీదకు నోటీసు వచ్చాకే ఆయనకు అర్థమైంది.

దీనికి పూర్తిగా తిరగబడ్డ కేసు మా తోటికోడలిది. మా మరిది గారు పోయిన నెలకే రికవరీ వాళ్లు వచ్చి అరుగు మీద కూర్చున్నారు, ఆయన పర్సనల్ లోన్ నువ్వే కట్టాలి అని. పిల్లల ముందు పరువు పోతుందని ఆమె మెడలో గొలుసు అమ్మి కట్టింది. ఆ లోన్ కాగితాల మీద ఆమె సంతకం ఎక్కడా లేదు. చనిపోయినవారి అప్పుకు వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు, మా మరిది గారు వదిలి వెళ్లిన ఆస్తంటూ ఏమీ లేదు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం అన్న పాత హిందూ న్యాయసూత్రాన్ని కూడా, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ, ఆ తర్వాత చేసిన అప్పుల వరకు, తీసేసింది. కట్టాల్సిన నేను కట్టనక్కర్లేదనుకున్నాను, కట్టనక్కర్లేని ఆమె కట్టింది. ఇద్దరికీ సరైన సమయంలో తెలుగులో చెప్పినవాళ్లు లేరు.

అందుకే మీకు నా విన్నపం. ‘హామీదారుడికి నోటీసు’ అని వార్త వేసినప్పుడు, అతను ఎంతవరకు కట్టాలి, ఎవరి నుంచి తిరిగి తీసుకోవచ్చు, ఎన్నేళ్లలోపు అన్నది కింద రెండు లైన్లలో వేయండి. చీటీ కంపెనీలు, బ్యాంకులు షూరిటీ కాగితం మీద సంతకం చోటుకు పైనే, పెద్ద అక్షరాల్లో, ‘అతను కట్టకపోతే మొత్తం నేను కడతాను, ముందు అతన్నే అడగాలని పట్టుబట్టను’ అని తెలుగులో అచ్చు వేసి, గట్టిగా చదివించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను, రిజర్వు బ్యాంకును మీ పత్రిక అడగాలి. చదివాక కూడా పెట్టాలనుకునేవాళ్లు పెడతారు, అది వాళ్ల ఇష్టం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు, తెనాలి