2024–25 వార్షిక నివేదిక: మన పికప్ ఫోర్‌వీల్ అయింది

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మిరియం తీగలు పంచాం, సిల్వర్ ఓక్ మొక్కలు నాటాం, కాఫీ పండు తొక్క తీసే పల్పర్ యంత్రానికి బేరింగులు మార్చాం. ఆ వివరాలన్నీ మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి. ఇక్కడ ఎక్కువ చోటు పికప్‌కే ఇస్తున్నాను. ఈ ఏడాది మనం చేసిన అసలు పని అదే.

కోసిన కాఫీ పండు అదే రోజు పల్పర్‌లో పడకపోతే పులిసిపోతుందని మీకు చెప్పక్కర్లేదు. పై తోటల పంట నెత్తి మీదో గుర్రాల మీదో గెడ్డ (వాగు) దాటి వచ్చేసరికి రాత్రయ్యేది. మన పికప్‌కు వెనక చక్రాలే లాగాలి. ఖాళీగా ఎక్కేటప్పుడు వెనక బరువు ఉండదు కాబట్టి, గెడ్డ బురదలో చక్రం ఉన్నచోటే తిరిగేది.

నాలుగు చక్రాలూ లాగే కొత్త ఫోర్‌వీల్ బండి కొనే స్థోమత మనకు లేదు. అదృష్టం కొద్దీ మనది జీపు చాసిస్ మీద కట్టిన పాత మహీంద్రా. ముందు కూడా కమాన్ పట్టీలే (లీఫ్ స్ప్రింగులే). ముందున్న, చక్రాలను తిప్పని ఉత్త ఇరుసు తీసేసి, అదే చోట జీపు హౌసింగ్ (చక్రాలను తిప్పే గేర్లున్న ఇరుసు) బిగించొచ్చని మన డ్రైవర్ బాబాయి ధైర్యం చెప్పారు. విజయవాడ ఆటోనగర్‌లో రెండు రోజులు తిరిగి ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ లాగుడును ముందుకూ వెనక్కూ పంచే గేర్ల పెట్టె), ముందు హౌసింగ్ తెచ్చాం. ఆ కేసు నుంచి షాఫ్టులు రెండూ ఒక పక్కనుంచే వస్తాయి. మన వెనక హౌసింగ్‌లో షాఫ్టు వచ్చి కలిసే గుండేమో మధ్యలో ఉంది. అంటే వెనకదీ మార్చాలి. ఇంకో జీపుది పట్టుకొచ్చాం.

బిగించబోయే ముందు రాత్రి బాబాయి రెండు హౌసింగుల మూతలూ విప్పించారు. లోపల కిరోసిన్‌తో కడిగి, ఒక పంటికి సుద్దముక్కతో గుర్తు పెట్టి, క్రౌన్ (లోపలి పెద్ద పళ్ల చక్రం) తిప్పుతూ లెక్కపెట్టారు. ముందుది 43, వెనకది 39. క్రౌన్‌ను తిప్పే చిన్న పళ్ల చక్రాలకు, అంటే పినియన్లకు మాత్రం రెండింటికీ ఎనిమిదే. అలాగే బిగించి ఉంటే ముందు చక్రాలది ఒక వేగం, వెనక చక్రాలది ఇంకో వేగం. బురదలో జారి సర్దుకున్నా, గట్టి నేల మీద షాఫ్టులు మెలిపడి వాటి కీళ్లలోని క్రాసులు విరుగుతాయి. కొనేటప్పుడే చూడకపోవడం మా పొరపాటు. మళ్లీ వెళ్లి 43 పళ్లదే తెచ్చాం. వెనక షాఫ్టు లేత్ మీద కోయించి పొట్టి చేయించాం, బ్రేకు గొట్టాలు పొడవువి వేయించాం.

డిసెంబరులో మొదటి లోడు. బాబాయి లో గేరు వేసి క్లచ్ వదిలారు. ముందు చక్రం రాయి అంచు పట్టుకుని, బండిని నెమ్మదిగా పైకి లాక్కుంది. ఎవరూ తొయ్యలేదు. సాయంత్రం ఆరుకల్లా పండు పల్పర్ దగ్గరుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఈ పని పదకొండు ఆదివారాలు నడిచింది. ప్రతి వారం వచ్చింది ఐదుగురే. మొదటి లోడు రోజు ఫొటోకు మాత్రం ఊరంతా ఉంది. ఇలా రాయడం నాకూ బాధగానే ఉంది, కానీ ఆ ఐదుగురి కష్టం రికార్డులో ఉండాలి.

ఇక అనుమతి సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ను దాటొద్దని చెప్పింది. అందుకే పని మొదలుపెట్టకముందే రవాణా శాఖకు దరఖాస్తు పెట్టాం. నాలుగుసార్లు తిరిగాం, వెళ్లిన ప్రతిసారీ కొత్త కాగితం అడిగారు. కుదరదనైనా రాసివ్వమన్నాం, అదీ ఇవ్వలేదు. అనుమతి వచ్చేదాకా బండి మన తోటల్లోనే తిరుగుతుంది, తారురోడ్డు ఎక్కదు. సంతకనో పెళ్లికనో దయచేసి అడగొద్దు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ రాదు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, రసీదులు కోశాధికారి దగ్గర చూసుకోవచ్చు.

బాబాయికి, రాత్రిళ్లు కూడా వెల్డింగ్ చేసిన తమ్ముడికి, ఆదివారాలు వంట చేసిపెట్టిన మహిళా సంఘం అక్కచెల్లెళ్లకు, చావిడి ఇచ్చిన పెద్దలకు పేరుపేరునా కృతజ్ఞతలు.

డ్రైవర్లకు ఒక మాట: గెడ్డ దాటి గట్టి నేల రాగానే ఫోర్‌వీల్ తీసేయండి. వచ్చే ఆదివారం ఉదయం రెండు హౌసింగుల్లో ఆయిల్ మారుస్తున్నాం. ఈసారి కనీసం పదిమంది రావాలి.

— కార్యదర్శి