గ్యాస్ గోలి తిన్నంక కాదు, తినకముందు

ఎడిటర్ గారికి,

నేను చండూరులో మందుల షాపు నడిపే ఫార్మసిస్టును. మునుగోడు, మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు పట్టేసి, ఏళ్ల తరబడి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలు మింగేవాళ్లు మా గిరాకీల్లో చాలామంది. ఆ గోలీలతో కడుపులో పుండ్లు పడతాయని డాక్టర్లు తోడుగా ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ గోలీలు రాస్తారు. రాయడం మంచిదే. ఎట్లా వేసుకోవాలో చెప్పే తీరికే ఎవరికీ ఉండదు. జనం రెండూ కలిపి అన్నం తిన్నాక ఒకే గుక్కలో మింగుతున్నారు.

యాంటాసిడ్ సిరప్ ఊరిన యాసిడ్‌ను విరుస్తుంది. ఈ గ్యాస్ గోలి అట్లా కాదు, బోరు మోటారునే బందు పెట్టినట్టు యాసిడ్‌ను వదిలే పంపునే మూసేస్తుంది. పేగులో కరిగి రక్తంలో కలిసి కడుపు గోడలోని కణాలకు చేరుతుంది. పనిలో ఉన్న పంపునే పట్టుకోగలదు, ఆ పంపులు జోరందుకునేది తిండి తిన్నప్పుడు. మందేమో రక్తంలో కొద్ది గంటలే ఉంటుంది. అందుకే పరగడుపున వేసుకుని, అరగంట ఆగి టిఫిన్ చేయాలి. మూతపడ్డ పంపు మళ్లీ తెరుచుకోదు, కణం కొత్తది తయారు చేసుకోవాల్సిందే. కాబట్టి రోజుకొక్కటి చాలామందికి సరిపోతుంది. పూర్తి గుణం కనబడటానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఒక్క పూటకే "ఇది పని చేస్తలేదు, వేరేది ఇయ్యి" అనేవాళ్లతో రోజూ ఇదే పంచాయితీ!

మొన్న ఒక అవ్వ, "గొంతుల దిగుతలేదు బిడ్డా, లోపటి గింజలు నూరి సల్లల కలుపుకుంటున్న" అంది. ఒమెప్రజోల్ క్యాప్సూల్ లోపలి ఆ తెల్ల గింజల మీది పూత ఉన్నదే మందును కడుపులోని యాసిడ్ నుంచి కాపాడటానికి. నూరితే పేగు దాకా పోకముందే మందు చెడిపోతుంది.

నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానితే, అణిగి ఉన్న యాసిడ్ మునుపటికన్నా ఎక్కువ ఊరి కొందరికి మంట లేస్తుంది. జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ మొదలుపెడతారు. ఏళ్లు గడిస్తే కొందరిలో బి12, మెగ్నీషియం తగ్గుతాయి. ఆపాలన్నా, తగ్గించాలన్నా డాక్టరును అడిగే చేయాలి. నొప్పి గోలి నడుస్తున్నన్ని రోజులైతే గ్యాస్ గోలి సొంతంగా అసలే మానొద్దు.

సర్కారు దవాఖానాల్లో మందులిచ్చే కవరు మీద "పరగడుపున, తిండికి అరగంట ముందు" అని తెలుగులో ఒక రబ్బరు స్టాంపు గుద్దించాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను. ఖర్చు పెద్దగా కాదు. మా షాపులో బిల్లు వెనకాల గుద్దుతూనే ఉన్నాం.

– ఒక ఫార్మసిస్టు, చండూరు, నల్లగొండ జిల్లా